సొంతంగా కట్టుకునే మాడ్యులర్ సింథసైజర్: మాడ్యూళ్ల ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ ఆంప్లిఫైయర్లు బాగుచేసేవారు, భజన బృందాల్లో కీబోర్డు వాయించేవారు, డిప్లొమా, ఇంజనీరింగ్ చదువుతున్న విద్యార్థులు కొన్నేళ్లుగా నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. మన ఊళ్ల కరెంటు, మన ఎండ, మనకు దొరికే సామాను, మనం వినే సంగీతం, ఈ నాలుగింటినీ దృష్టిలో ఉంచుకొని జవాబులు రాశాను.

కీబోర్డు ఉండగా మాడ్యులర్ సింథసైజర్ ఎందుకు?

కీబోర్డులో ధ్వని తయారయ్యే మార్గాన్ని కంపెనీ ముందే నిర్ణయించి పెడుతుంది. మాడ్యులర్ సింథసైజర్‌లో ఆ మార్గాన్ని వైర్లు కలిపి మనమే నిర్ణయించుకుంటాం. ధ్వనిని పుట్టించే ఆసిలేటర్, దాని నాదాన్ని మార్చే ఫిల్టర్, హెచ్చుతగ్గులను చూసే వీసీఏ (వోల్టేజీతో నడిచే ఆంప్లిఫైయర్), ఆ హెచ్చుతగ్గులకు ఆకారం ఇచ్చే ఎన్వలప్ దేనికదే విడి పెట్టె. ఆ ఒక్కో పెట్టెనే మాడ్యూల్ అంటారు. 1960ల మొదటి సగంలో అమెరికాలో రాబర్ట్ మూగ్, డాన్ బుక్లా ఎవరి దారిలో వారు ఈ పద్ధతిని రూపొందించారు. మన దేశానికి ఇది కొత్తది కూడా కాదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే డేవిడ్ ట్యూడర్ అనే సంగీతకారుడు మూగ్ యంత్రంతో ఒక స్టూడియోను నెలకొల్పారు. ఈ రోజు ఎక్కువమంది వాడుతున్న యూరోర్యాక్ పద్ధతిని జర్మనీకి చెందిన డీటర్ డెప్‌ఫర్ 1990ల మధ్యలో తన ఏ-100 వ్యవస్థతో ప్రారంభించారు.

మొదట ఏ మాడ్యూల్ కట్టుకోవాలి?

ఈ ప్రశ్నకు ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: మీరు మొదట ఏ ధ్వని వినాలనుకుంటున్నారు? ఇతరుల పెట్టెలో ఏమున్నాయో చూసి అవే కట్టుకుంటూ పోతే, ఏడాది తిరిగేసరికి పన్నెండు మాడ్యూళ్లు చేరుతాయి గాని వాటితో వాయించాలనిపించే ధ్వని ఒక్కటీ ఉండదు. ధ్వని తేలితే మాడ్యూళ్ల జాబితా దానంతటదే తేలుతుంది.

సోల్డరింగ్ ఐరన్ చేతపట్టే ముందు కనీసం ఒక నెల వీసీవీ ర్యాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో వాడి చూడమని అందరికీ చెబుతాను. అందులో మాడ్యూళ్లను తెరమీద పెట్టి, వైర్లు కలిపి, నిజమైన యంత్రంలో ఎలా మోగుతుందో దాదాపు అలాగే వినవచ్చు. ఆ నెలలో మీరు పదేపదే వాడినవి ఏవో, ఒకసారి చూసి వదిలేసినవి ఏవో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని మించిన సలహా నేను ఇవ్వలేను.

ఒక ఉదాహరణతో చెప్పగలరా?

తంబుర శ్రుతిని తీసుకుందాం, ఎందుకంటే నన్ను అడిగినవారిలో సగం మంది కోరుకున్నది అదే. తంబురలో నాలుగు తీగలు: పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. ఒకటో శ్రుతిలో సారణిని 130.8 హెర్ట్‌జ్‌కు పెడితే మంద్రం దానిలో సగం 65.4కు, పంచమం 98.1కి వస్తాయి. ఒక తీగను మీటినప్పుడు అంతకుముందు మీటిన తీగ ఆగిపోదు. నాలుగూ ఒకదానిలో ఒకటి కలిసి మోగుతాయి. కాబట్టి ఒకే ఆసిలేటర్ స్వరాలు మార్చుకుంటూ పోతే తంబుర కాదు, అది బొమ్మ కీబోర్డు పాటలా వినిపిస్తుంది. నాలుగు తీగలకు నాలుగు ఆసిలేటర్లు, నాలుగు వీసీఏలు, ఒక్కో వీసీఏకు నెమ్మదిగా తగ్గిపోయే ఎన్వలప్ ఒకటి చొప్పున కావాలి.

ఆసిలేటర్లు నాలుగూ స్థిరంగా ఒకే స్వరం పలికేవే గనుక వోల్టేజీతో స్వరం మార్చే ఖరీదైన రకం అక్కర్లేదు. సీడీ40106 అనే చవకైన ఐసీలో ఆరు ఇన్వర్టర్లుంటాయి; ఒక్కోదానికి ఒక రెసిస్టర్, ఒక కండెన్సర్ తగిలిస్తే ఒక ఆసిలేటర్ అవుతుంది. స్వరం సరిచేయడానికి పది చుట్లు తిరిగే ట్రిమ్‌పాట్ (తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టర్) పెట్టండి. మామూలు పాట్‌తో వెంట్రుకవాసి తేడాను పట్టుకోలేరు. ఇక్కడ ఒక మెలిక ఉంది. సారణి, అనుసారణి రెండూ షడ్జమమే అయినా వాటి మధ్య అర హెర్ట్‌జ్ తేడా ఉంచితే రెండు సెకన్లకు ఒకసారి నాదం అలలా లేచి తగ్గుతుంది, తంబురకు ప్రాణం అక్కడే ఉంది. కాని ఈ రెంటినీ ఒకే ఐసీలో కడితే, దగ్గరి స్వరాలు సప్లై ద్వారా ఒకదాన్నొకటి లాగి అతుక్కుపోతాయి, అల మాయమవుతుంది. అందుకే వాటిని రెండు వేర్వేరు ఐసీల్లో పెట్టి, ఒక్కో ఐసీ సప్లై కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ వేయాలి.

మీటడానికి సీడీ4017 కౌంటర్, అంటే ఒక్కో పల్స్‌కు ఒక్కో అవుట్‌పుట్‌ను వరుసగా వెలిగించే ఐసీ, సరిపోతుంది. పంచమానికీ మంద్రానికీ కాస్త ఎక్కువ వ్యవధి ఇచ్చి మధ్య రెండు తీగలను త్వరగా మీటడం పద్ధతి గనుక, ఆరు అంకెల వరుస పెట్టుకోండి: సున్నా దగ్గర పంచమం, రెండు దగ్గర సారణి, మూడు దగ్గర అనుసారణి, నాలుగు దగ్గర మంద్రం, ఆరు అంకె ఉన్న అవుట్‌పుట్‌ను రీసెట్‌కు కలపాలి. ఒకటీ ఐదూ ఖాళీగా వదిలేస్తే ఆ విశ్రాంతి దానంతటదే వస్తుంది. చివరగా జీవ, అంటే తీగ కింద నూలుపోగు పెట్టి తెచ్చే ఆ జుమ్మనే నాదం. తంబుర మీటిన క్షణంలో కన్నా కొద్దిసేపటి తర్వాతే పై స్వరాలు విచ్చుకుంటాయి కాబట్టి, అంతటి చివర పై స్వరాలను అణిచే లోపాస్ ఫిల్టర్ ఒకటి పెట్టి, దానికి నెమ్మదిగా పైకి లేచే ఎన్వలప్ విడిగా ఇవ్వండి. వీసీఏలకు ఎల్ఎం13700 ఐసీలు రెండు చాలు, ఒక్కోదానిలో రెండేసి ఉంటాయి. ఇంత పనిలో కీబోర్డూ లేదు, స్వరాలు మార్చే వోల్టేజీలను వరుసగా పంపే సీక్వెన్సరూ లేదు, స్వరాన్ని నడిపే వోల్టేజీ కూడా లేదు. ధ్వని నుంచి వెనక్కి లెక్క వేసుకోవడం వల్లనే ఖర్చు ఇంతగా తగ్గింది.

యూరోర్యాక్ సైజు మంచిదా, పెద్ద సైజు మంచిదా?

యూరోర్యాక్ ప్యానెల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పును 5.08 మిల్లీమీటర్ల కొలతలో లెక్కిస్తారు, జాక్‌లు 3.5 మిల్లీమీటర్లవి. ప్రపంచంలో దొరికే కిట్లు, పీసీబీలు (సర్క్యూట్ అచ్చు వేసిన బోర్డులు) అత్యధికం ఈ కొలతకే వస్తాయి. చిక్కల్లా ఏమిటంటే, ప్యానెల్‌కు నిలువుగా బిగిసే మంచి మోనో ఈపీ (ఇయర్‌ఫోన్) సాకెట్లు, సన్నని పాట్‌లు మన దుకాణాల్లో అరుదు. కొస్మో అనే పద్ధతిలో ప్యానెల్ 200 మిల్లీమీటర్ల ఎత్తు, 25 మిల్లీమీటర్ల గుణిజాల్లో వెడల్పు ఉంటుంది. అందులో వాడేవి మైకు ఆంప్లిఫైయర్లకు వాడే 6.35 మిల్లీమీటర్ల సాకెట్లే, అంటే దుకాణదారుకు పీ-38 అని చెబితే తీసిచ్చేవే. సప్లై రెండింటికీ ప్లస్, మైనస్ 12 వోల్టులే.

సొంతంగా వెరో బోర్డు (రంధ్రాలు, రాగి పట్టీలు ఉన్న బోర్డు) మీద కట్టే ఉద్దేశం ఉంటే పెద్ద సైజే ఎంచుకోండి. చేతివేళ్లకు చోటుంటుంది, మరమ్మతు తేలిక, సామాను దగ్గరలోనే దొరుకుతుంది. ప్యానెల్‌కు రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు బాగుంటుంది. నేమ్‌బోర్డులు చేసే దుకాణాల్లో మిగిలిపోయిన ఏసీపీ (రెండు అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) ముక్కలు చవకగా దొరుకుతాయి, వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. నాలుగు మిల్లీమీటర్ల ఏసీపీకి 3.5 సాకెట్ మరచుట్టు చాలదు, నట్టు పట్టదు. పీ-38 సాకెట్‌కైతే కొలిచి చూసుకుని వాడవచ్చు.

పవర్ సప్లైకి ఏది ఎంచుకోవాలి?

అన్నిటికన్నా ముందు కట్టవలసిన మాడ్యూల్ ఇదే. అందరూ చివరికి వదిలేసేదీ ఇదే. పాత పద్ధతిలో 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, పెద్ద కండెన్సర్లు, 7812, 7912 రెగ్యులేటర్లు వాడతారు. పట్నంలో కూర్చుని రాసిన సర్క్యూట్‌లో అది సరిగ్గానే ఉంటుంది. కాని పొలం మోటార్లన్నీ ఒకేసారి నడిచే వేళ దేవరకొండ వైపు ఊళ్లలో లైను 180 వోల్టులకు పడిపోయిందనుకోండి. అప్పుడు 12 వోల్టుల చుట్ట నుంచి 9.4 వోల్టులే వస్తాయి. దాని శిఖరం 13.3, డయోడ్ తిన్నది పోగా 12 చిల్లర. 7812కు లోపలికి కనీసం 14 వోల్టులు ఉంటేనే బయటికి 12 నిలకడగా ఇస్తుంది. ఇక మిగిలేది ఆసిలేటర్ స్వరం జారడం, స్పీకర్లో బొంయ్‌మని హమ్మింగు. 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ వాడితే అదే 180 వోల్టుల దగ్గర కూడా 15 వోల్టులకు పైన మిగులుతుంది. లైను బాగున్న రోజున మాత్రం రెగ్యులేటర్ ఎక్కువ వేడెక్కుతుంది: లోపలికి 20 వోల్టులు వచ్చి, అర ఆంపియర్ వాడుతుంటే 4 వాట్లు వేడిగా పోవాలి, కాబట్టి హీట్‌సింక్ తప్పనిసరి.

నా సిఫారసు వేరే ఉంది. సీసీ కెమెరాలకు వాడే 12 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్లు ప్రతి మండల కేంద్రంలో దొరుకుతాయి. ఒకే రకం రెండు కొని, ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు కలిపితే ఆ కలిసిన చోటు గ్రౌండ్, మిగిలిన రెండు కొసలు ప్లస్, మైనస్ 12 అవుతాయి. 100 నుంచి 240 వోల్టుల వరకు ఏ లైనుకైనా అవి పనిచేస్తాయి గనుక మోటార్ల గొడవ వాటికి పట్టదు. పైగా 230 వోల్టుల తీగలతో మీకు పని ఉండదు, కొత్తగా నేర్చుకునేవారికి ఇది చిన్న విషయం కాదు. రెండింటినీ ఒకే స్విచ్చు మీద వేయాలి. ఒకటి ముందు, ఒకటి వెనక లేస్తే ఆ క్షణంలో ఐసీలు దెబ్బతినకుండా ఒక్కో లైను నుంచి గ్రౌండుకు తిరగేసిన డయోడ్ ఒకటి వేయాలి. వాటి నుంచి వచ్చే సన్నని స్విచింగ్ రొదను ఒక కాయిల్, ఒక పెద్ద కండెన్సర్‌తో వడపోయాలి.

ఎన్ని ఆంపియర్లు కావాలో తెలియాలంటే ప్రతి మాడ్యూల్ ప్లస్ మీద ఎంత, మైనస్ మీద ఎంత తాగుతుందో విడివిడిగా రాసి కూడండి. మొత్తం 400 మిల్లీ ఆంపియర్లు వస్తే 600 ఇవ్వగల సప్లై పెట్టుకోవాలి.

వేసవిలో శ్రుతి నిలుస్తుందా?

ఎంచుకునే ఆసిలేటర్‌ను బట్టి ఉంటుంది. వోల్టేజీతో నడిచే ఆసిలేటర్లలో ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్లాలి. ఆ పని చేసే ట్రాన్సిస్టర్ల స్వభావం ఉష్ణోగ్రతతో మారుతుంది, ఒక్కో డిగ్రీకి దాదాపు 0.33 శాతం. మే నెలలో తెల్లవారుజామున గది 28 డిగ్రీలు ఉండి, మధ్యాహ్నం రేకుల కింద 40 అయిందనుకుంటే తేడా 4 శాతం. రెండు స్థాయిల పైన వాయించే స్వరం దాదాపు ఒక స్వరస్థానం మేర కిందికి దిగిపోతుంది. ఉదయం సరిచేసిన శ్రుతి మధ్యాహ్నానికి పాడైపోయిందంటే కట్టినవారి తప్పు కాదు, ఎంపికలో తప్పు.

దీనికి విరుగుడుగా ఆ ట్రాన్సిస్టర్ల జతను ఆనించి, ఉష్ణోగ్రతతో పాటు విలువ పెరిగే ప్రత్యేక రెసిస్టర్‌ను అమర్చుతారు. అది దొరకడం కష్టం. కాబట్టి మన వాతావరణానికి డగ్ కర్టిస్ రూపొందించిన సీఈఎం3340 గాని, దానికి సరిసమానమైన ఏఎస్3340 గాని ఉన్న ఆసిలేటర్‌ను ఎంచుకోండి. వేడికి తగిన సవరణ ఆ చిప్ లోపలే జరుగుతుంది. ఖరీదు ఎక్కువే, అయినా ఈ ఒక్కచోట డబ్బుకు వెనకాడవద్దు. దాని నెగటివ్ సప్లై కాలికి మైనస్ 12 వోల్టులు నేరుగా ఇవ్వకూడదు, మధ్యలో డేటాషీట్ చెప్పిన రెసిస్టర్ ఉండాలి. ఆసిలేటర్‌ను సప్లై రెగ్యులేటర్ పక్కన బిగించకండి, పెట్టె వెనక గాలి ఆడనివ్వండి. శ్రుతి చేసే ముందు అరగంట ఆన్‌లో ఉంచండి.

ఏ ఫిల్టర్ మంచిది?

అన్ని ఫిల్టర్లూ మంచివే అని చెప్పడం తేలిక, కాని మీకు తాళవాద్యం కావాలంటే మాత్రం రెజొనెన్స్ (ఒక స్వరం దగ్గర మోతను పెంచే గుణం) పూర్తిగా పెంచినప్పుడు తనంతట తాను కూత పెట్టగల ఫిల్టర్‌నే ఎంచుకోండి. ఆ కూతకు వెంట్రుకవాసి ముందు ఆపి, లోపలికి ఒక్క చిన్న పల్స్ పంపితే ఫిల్టర్ చర్మం మీద దెబ్బ పడినట్టు మోగి ఆగుతుంది. డప్పును గమనించండి. సిర్ర దెబ్బలో గుండ్రని మోత ఉంటుంది, సిటికెన పుల్ల దెబ్బలో పలుచని చిటపట ఉంటుంది. మొదటిది ఈ ఫిల్టర్ ఇస్తుంది. రెండోదానికి నాయిస్ మాడ్యూల్, ఒక హైపాస్ ఫిల్టర్, చాలా పొట్టి ఎన్వలప్ కావాలి. మంట దగ్గర కాచిన డప్పు స్వరం ఎలా పైకి వెళుతుందో, ఫిల్టర్ కోత మొదలయ్యే చోటును, అంటే కటాఫ్‌ను, కొద్దిగా పెంచి అలాగే వినవచ్చు. ఒకే ఫిల్టర్ కట్టుకునే స్తోమత ఉంటే లోపాస్, బ్యాండ్‌పాస్, హైపాస్ మూడూ విడి సాకెట్లలో ఇచ్చే స్టేట్ వేరియబుల్ రకం కట్టుకోండి.

వీసీఏలు ఎన్ని ఉండాలి?

మీరు అనుకున్న దానికన్నా రెండు ఎక్కువ. వీసీఏ శబ్దానికే కాదు, కంపనాన్ని నెమ్మదిగా పెంచడానికి, ఎన్వలప్ తీవ్రతను తగ్గించడానికి కూడా పనికొస్తుంది. కొత్తవారు మూడో ఆసిలేటర్ కడతారు, రెండో వీసీఏ కట్టరు. మిక్సర్, వోల్టేజీని తగ్గించే అటెన్యుయేటర్ల విషయంలోనూ ఇదే జరుగుతుంది. టీఎల్074 ఐసీ ఒకటి, పాట్‌లు నాలుగు ఉంటే ఆదివారం మధ్యాహ్నం మిక్సర్ సిద్ధమవుతుంది.

మన సంగీతానికి క్వాంటైజర్ అవసరమా?

వద్దనే చెబుతాను. క్వాంటైజర్ వచ్చిన వోల్టేజీని దగ్గరి పాశ్చాత్య స్వరానికి లాగి పెడుతుంది, గమకం అక్కడే ఆగిపోతుంది. అంతర గాంధారం శుద్ధంగా పలకాలంటే షడ్జమం మీద 0.322 వోల్టులు కావాలి. సమాన విభజనలో అది 0.333 అవుతుంది. ఆ 11 మిల్లీవోల్టుల తేడాను తంబుర మీద పెట్టి వింటే సంగీతం నేర్వని చెవికి కూడా తెలుస్తుంది. పంచమంలో తేడా 2 మిల్లీవోల్టులు కూడా లేదు, కాబట్టి అది బాధించదు. క్వాంటైజర్‌కు పెట్టే డబ్బును స్వరం నుంచి స్వరానికి జారేలా చేసే స్లూ లిమిటర్ మీద, ఒక్కో మెట్టుకూ విడిగా పాట్ ఉన్న సీక్వెన్సర్ మీద పెట్టండి. మెట్టు మెట్టునూ తంబురకు సరిచూసి చెవితోనే పెట్టుకోవచ్చు.

కిట్ కొనాలా, ఖాళీ పీసీబీ కొనాలా, వెరో బోర్డు మీద కట్టాలా?

మొదటి మాడ్యూల్ వెరో బోర్డు మీద, ఆసిలేటర్ మాత్రం పీసీబీ మీద కట్టండి. పూర్తి కిట్‌లో విడిభాగాలన్నీ వస్తాయి గనుక తప్పు జరిగే అవకాశం తక్కువ, కాని విదేశీ పార్సిల్‌పై కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలిపి లెక్క వేసుకోకపోతే మాడ్యూల్ ధర తడిసి మోపెడవుతుంది. ఖాళీ పీసీబీ ఉత్తరమంత తేలిక, విడిభాగాలు ఇక్కడే కొనుక్కోవచ్చు. ఫ్రాన్స్‌కు చెందిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన మాడ్యూళ్ల నమూనాలను అందరికీ తెరిచి ఉంచింది. సంస్థ మూతపడినా ఆ నమూనాలు వాడుకలో ఉన్నాయి. వాటిలో బోర్డు పైనే అతికించే చిన్న ఎస్ఎండీ భాగాలుంటాయి కాబట్టి చేయి కుదిరాకే ముట్టుకోండి. డిజిటల్ మాడ్యూళ్లు ప్లస్ 12 లైనునే ఎక్కువ తాగుతాయన్నది కూడా సప్లై లెక్కలో మరవవద్దు.

విడిభాగాలు ఎక్కడ కొనాలి?

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి ఉదయం బస్సెక్కి సాయంత్రానికి తిరిగి రావచ్చు. జాబితాను మన మాటల్లో రాసుకెళ్లండి: ఐసీ బేసులు, ఎఫ్ఆర్సీ కేబుల్ (పట్టీలా చదునుగా ఉండే తీగ), బర్గ్ స్ట్రిప్ (పిన్నుల వరుస), ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు, బాక్సు కండెన్సర్లు. ప్రతి ఐసీకీ బేస్ వాడండి. అరుదైన ఐసీలను మాత్రం కళ్లు మూసుకుని కొనకండి. ఒకసారి నేను పది ఎల్ఎం13700 ఐసీలు తెప్పించుకున్నాను. దూదితో స్పిరిట్ రుద్దితే పైన ముద్రించిన అక్షరాలు దూదికి నల్లగా అంటుకున్నాయి, కింద వేరే నంబరు లీలగా కనిపించింది. పదింటిలో ఒక్కటీ పనిచేయలేదు. అప్పటి నుంచి ముందు రెండు తెప్పించి, బ్రెడ్‌బోర్డు మీద పరీక్షించాకే మిగిలినవి కొంటున్నాను.

ఎంపికలో అందరూ మరిచేది ఏమిటి?

తిరగేసి పెట్టినా కాలిపోని రక్షణ ఆ మాడ్యూల్‌లో ఉందా లేదా అని చూడటం. యూరోర్యాక్ ఎఫ్ఆర్సీ కేబుల్‌లో ఎర్ర గీత మైనస్ 12 వైపు ఉండాలి. పది కాళ్ల కేబుల్ తిరగబడితే ప్లస్, మైనస్ తారుమారవుతాయి. మూడేళ్ల కింద రాత్రి తొందరలో నేను కేబుల్‌ను తిరగేసి పెట్టాను. స్విచ్చు వేయగానే టిక్ అని ఒక చిన్న చప్పుడు, ఆ వెంటనే కాలిన ప్లాస్టిక్ వాసన. చూస్తే టీఎల్074 నడినెత్తిన ఆవగింజంత బొబ్బ లేచి ఉంది. రెండు లైన్లలో 1ఎన్5817 డయోడ్లు ఒక్కోటి ఉండి ఉంటే ఆ ఐసీ బతికేది. సర్క్యూట్ బొమ్మలో ఆ డయోడ్లు కనిపించకపోతే మీరే వేసుకోండి. గాడి ఉన్న కనెక్టర్లు వాడినా కేబుల్‌ను నొక్కేటప్పుడే తిరగబడవచ్చు గనుక, కొత్త కేబుల్‌ను మల్టీమీటర్‌తో చూడకుండా తగిలించవద్దు.

భజన మందిరం ఆంప్లిఫైయర్‌కు నేరుగా కలపవచ్చా?

కలపకూడదు. మాడ్యూళ్ల మధ్య తిరిగే శబ్దం శిఖరం నుంచి శిఖరానికి 10 వోల్టుల దాకా ఉంటుంది, ఆంప్లిఫైయర్ ఆక్స్ ఇన్‌పుట్ కోరేది ఒకటి రెండు వోల్టులు, మైకు ఇన్‌పుట్ కోరేది అంతకన్నా ఎంతో తక్కువ. అవుట్‌పుట్ మాడ్యూల్ ఒకటి కట్టి, ఆక్స్‌కే కలపండి. అందులో స్థాయిని పదో వంతుకు తగ్గించే రెండు రెసిస్టర్లు, డీసీని ఆపే ఒక కండెన్సర్, టీఎల్072 బఫర్, ఒక వాల్యూమ్ పాట్ ఉంటే చాలు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆసిలేటర్లన్నీ ఒక్కసారిగా అరుస్తాయి కాబట్టి ఆ పాట్ పక్కనే చేతికి వెంటనే తగిలేలా ఒక మ్యూట్ స్విచ్చు బిగించుకోండి.